గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో ఎగరగొట్టేసిన పుస్తకం పాత్రలు: లేడీ స్టోన్‌హార్ట్ నుంచి మేలార్ దాకా

మంచుగోడ_కాపలా
(స్పాయిలర్లు ఉంటాయి. పుస్తకాలో సిరీసో ఇంకా పూర్తి కానివాళ్లు ఇక్కడే ఆగిపోండి.)

జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ రాసిన మూడో పుస్తకం 'ఎ స్టార్మ్ ఆఫ్ స్వోర్డ్స్' మళ్లీ చదివాను. చివర్లో ఆ ఎపిలోగ్ దగ్గరికొచ్చేసరికి పాత కోపమంతా తిరిగొచ్చింది. గొంతు కోసి నదిలో పడేసిన కాట్లిన్ స్టార్క్‌కి, అప్పటికే చాలాసార్లు చచ్చి లేచిన బెరిక్ డొండారియన్ తన ప్రాణం పోసేస్తాడు. అతను పోతాడు, ఆమె లేస్తుంది. లేచింది కాట్లిన్ కాదు, లేడీ స్టోన్‌హార్ట్. గొంతు దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుంటే తప్ప మాట రాదు. రెడ్ వెడ్డింగ్ అనే ఆ పెళ్లి విందులో తననీ కొడుకు రాబ్‌నీ చంపించింది ఫ్రేలు కాబట్టి, ఫ్రే ఇంటివాడు ఎవడు దొరికినా ఉరే.

2014 జూన్‌లో నాలుగో సీజన్ చివరి ఎపిసోడ్‌లో ఆమె వస్తుందని పుస్తకం చదివినవాళ్లం అందరం కాచుకుని కూర్చున్నాం. రాలేదు. తర్వాతి సీజన్లలోనూ రాలేదు. మిషెల్ ఫెయర్లీ లాంటి నటి అప్పటికే ఆ పాత్రలో ఉంది, కథ రాసి పెట్టి ఉంది, మార్టిన్ కూడా స్టోన్‌హార్ట్ ఉండాలనే కోరుకున్నట్టు చెప్పాడు. అయినా వదిలేశారు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మీకు ఏ పాత్ర లేకపోవడం ఎక్కువ వెలితిగా అనిపించింది? ఎందుకు తీసేసి ఉంటారు?

పేజీ_తిప్పు
స్టోన్‌హార్టే. రెండో మాట లేదు.

ఉత్తరదిక్కు
నేను ఒప్పుకోను. తీసేసి మంచి పనే చేశారు. రెడ్ వెడ్డింగ్ చూసి జనం అంత కుదేలైపోవడానికి కారణం ఏంటి? పోయినవాళ్లు పోయినట్టే అన్న నమ్మకం. ఎలాగూ ఆరో సీజన్‌లో జాన్ స్నోని లేపాలి. అంతకుముందే కాట్లిన్‌ని కూడా లేపేస్తే, జాన్‌ని పొడిచినప్పుడు ఎవడు ఏడుస్తాడు? "వీడు కూడా లేస్తాడులే" అనుకుంటారు.

మంచుగోడ_కాపలా
@ఉత్తరదిక్కు, మీరు చెప్పిన కారణానికే ఆమె ఉండాలంటాను. తిరిగి లేస్తే ఏం పోగొట్టుకుంటారో చూపించేది ఆమే కదా. బెరిక్ లేచిన ప్రతిసారీ కొంచెం కొంచెం మాయమైపోతూ ఉంటాడు. తను పెళ్లి చేసుకోవాల్సిన అమ్మాయి జుట్టు ఏ రంగో కూడా గుర్తుండదు. స్టోన్‌హార్ట్‌లో అయితే పగ తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఈ ఇద్దరినీ చూశాక జాన్ లేస్తే "ఇప్పుడు ఇతను ఏమై లేస్తాడో" అని భయం వేస్తుంది. సిరీస్‌లో జాన్ లేచి, కొంచెం దిగులుపడి, మళ్లీ మామూలు మనిషైపోయాడు. చావుకి విలువ పోయింది అక్కడే.

ఉత్తరదిక్కు
సరే, ఈ మాటలో బలం ఉంది. కానీ పుస్తకంలో కూడా ఆమెతో ఇంతవరకు పెద్దగా చేయించింది ఏమీ లేదు. ఉరులు వేయించింది, ఒకప్పుడు తనకే సేవ చేసిన యోధురాలు బ్రియెన్‌ని పట్టుకుంది, అంతే. మిగతాది రాయలేదు. రాయని కథకి టీవీ వాళ్లు దారి ఎక్కడ వెతుక్కుంటారు?

అల_వెన్నెల
ఆమె పని ఎవరికి పోయిందో గమనించారా? ఆర్యాకి. ఆరో సీజన్ చివర్లో వాల్డర్ ఫ్రే గొంతు కోస్తుంది, ఏడో సీజన్ మొదలవుతూనే ఫ్రేల ఇల్లంతా విషంతో ఖాళీ చేస్తుంది. తల్లి తీర్చుకోవాల్సిన పగ కూతురి నెత్తిన పెట్టారు. చూస్తున్నప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను. కానీ పుస్తకంలో ఆ పగ చూస్తే చప్పట్లు కొట్టబుద్ధి కాదు, ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకంటే ఆమె బ్రియెన్ లాంటి మంచి మనిషి మెడకి కూడా ఉరి తగిలిస్తుంది.

సాయంత్రం_చదువు
నాకు ఎక్కువ బాధ కలిగించింది జేన్ పూల్. చాలామందికి పేరు కూడా గుర్తుండదు. అదే ఆ పాత్రలోని విషాదం కూడా.

వింటర్‌ఫెల్ స్టూవర్డ్ కూతురు, సాన్సా స్నేహితురాలు. నెడ్ పతనమయ్యాక లిటిల్‌ఫింగర్ చేతికి చిక్కుతుంది. 'ఎ డాన్స్ విత్ డ్రాగన్స్'లో ఆమెకి ఆర్యా స్టార్క్ అని పేరు పెట్టి రామ్సీ బోల్టన్‌కి పెళ్లి చేస్తారు. ఆమె ఎవరో, స్టార్క్‌ల ఇంట్లోనే పెరిగి ఇప్పుడు రామ్సీ చేతిలో బందీ అయిన థియోన్‌కి తెలుసు. ఆమె ఎవరో తెలిసినా మిగతావాళ్లకి అక్కర్లేదు. ఉత్తరాది ప్రభువులు కన్నీళ్లు పెట్టుకునేది నెడ్ కూతురి కోసం. స్టూవర్డ్ కూతురని తెలిస్తే ఎవరూ కత్తి దూయరు. అందుకే తప్పించుకుంటున్నప్పుడు కూడా ఆమె ఆర్యాలాగే నటించాలి. అలాంటి అమ్మాయిని, తన పేరే మర్చిపోయిన థియోన్ కాపాడతాడు. అతను మళ్లీ మనిషయ్యేది అక్కడే.

సిరీస్‌లో ఏం చేశారు? జేన్‌ని తీసేసి ఐదో సీజన్‌లో సాన్సానే రామ్సీకి కట్టబెట్టారు. దాంతో మూడు పాత్రలు చెడ్డాయి. పుస్తకంలో సాన్సా వేల్ అనే ప్రాంతంలో మారుపేరుతో ఉంటూ రాజకీయం నేర్చుకుంటుంది. ఆ చదువంతా పోయి మళ్లీ బాధితురాలైంది. లిటిల్‌ఫింగర్ తన చేతిలోని అతి విలువైన పావుని ఎవరో ఏంటో సరిగా తెలియనివాడికి అప్పగించిన తెలివితక్కువవాడయ్యాడు. థియోన్ కాపాడింది అందరూ కాపాడాలనుకునే రాకుమారిని. ఎవరికీ అక్కర్లేని అమ్మాయిని కాపాడినప్పుడు ఉండే బరువు అందులో లేదు.

వానకోయిల
అవును! ఇంకో పాత్రని కూడా కలపండి: గోడ కాపలా దళం నాయకుడు జాన్. పుస్తకంలో జాన్‌ని పొడిచేది ఎప్పుడు? రామ్సీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చాక, ఆర్యా కోసం గోడ వదిలి వింటర్‌ఫెల్ మీదికి వెళ్తానని అందరి ముందూ చెప్పాక. అంటే ప్రమాణం తప్పడానికి సిద్ధపడ్డాడు. అదీ ఆర్యా కాని అమ్మాయి కోసం. సిరీస్‌లో గోడ అవతల ఉండే వైల్డ్‌లింగ్స్‌ని లోపలికి రానిచ్చాడని పొడిచారు. జాన్ తప్పు ఏమీ లేనట్టే. జేన్ పూల్ లేకపోతే అతని తప్పు కూడా లేకుండా పోయింది.

సాయంత్రం_చదువు
@వానకోయిల, నేను మర్చిపోయిన ముక్క ఇదే. థాంక్స్.

కోటబురుజు
అందరూ తిడుతున్నారు కాబట్టి అవతలి పక్షం నేను చెప్తాను. నేను చిన్న నాటకాలకి స్క్రిప్టులు రాస్తాను, కథల్ని రంగస్థలానికి మార్చిన అనుభవం ఉంది. పుస్తకంలో ఒక పేరు రాయడానికి ఒక వాక్యం చాలు. తెర మీద పేరు అంటే మొహం. ఆ మొహాన్ని పరిచయం చేయాలి, గుర్తుండేలా చేయాలి, పది ఎపిసోడ్ల తర్వాత మళ్లీ వస్తే ప్రేక్షకుడు "వీడెవడు?" అనకూడదు. పుస్తకం వెనక ఇళ్ల పేర్లతో పెద్ద అనుబంధం ఉంటుంది, వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. ఎపిసోడ్ నడుస్తుండగా అలా కుదరదు.

కలపడం అన్నిసార్లూ చెడ్డది కాదు. ఎడ్రిక్ స్టార్మ్ అని రాబర్ట్‌కి ఇంకో కొడుకు ఉంటాడు పుస్తకంలో. మెలిసాండ్రే రాజరక్తం కోసం చూసేది అతన్నే. సిరీస్ అతన్ని తీసేసి ఆ పని జెండ్రీకి ఇచ్చింది. మనకి అప్పటికే తెలిసిన, ఇష్టమైన కుర్రాడు కాబట్టి టెన్షన్ రెట్టింపైంది. అలాగే హారెన్‌హాల్‌లో ఆర్యా పుస్తకంలో రూస్ బోల్టన్‌కి సేవ చేస్తుంది. సిరీస్‌లో టైవిన్‌కి. ఆ సీన్లు పుస్తకంలో లేవు, ఉంటే బాగుండేదనిపించేంత గొప్పగా వచ్చాయి.

పేజీ_తిప్పు
జెండ్రీని పడవెక్కించి పంపాక ఏడో సీజన్ దాకా పాపం తెడ్డు వేస్తూనే ఉన్నాడుగా 😄

కోటబురుజు
హహ, అది మాత్రం నేను వెనకేసుకురాలేను.

దక్షిణగాలి
దక్షిణాన ఉండే డోర్న్ రాజ్యం గురించి ఎవరూ ఎత్తలేదేంటి? నాకైతే అసలు నష్టం అక్కడే. ఏరియాన్ మార్టెల్ లేని డోర్న్ డోర్నే కాదు.

డోర్న్ పద్ధతిలో ఆడైనా మగైనా మొదటి బిడ్డే వారసులు. ఏరియాన్ డోర్న్ పాలకుడు డోరన్ పెద్దకూతురు. తండ్రి తనని పక్కకి నెట్టి వారసత్వం తమ్ముడు క్వెంటిన్‌కి కట్టబెడతాడేమోనని ఒక ఉత్తరం చూసి అనుమానపడుతుంది. అదే చట్టం పట్టుకుని రాజు టామెన్ కంటే పెద్దదైన అక్క మిర్సెల్లాకి కిరీటం పెట్టాలని కుట్ర చేస్తుంది. అది బెడిసి కొట్టి, తనని ప్రేమించిన అరిస్ ఓక్‌హార్ట్ చచ్చిపోతాడు, మిర్సెల్లాకి చెవి తెగుతుంది. ఆ తర్వాత తండ్రీకూతుళ్లు కూర్చుని మాట్లాడుకునే అధ్యాయం ఉంది చూడండి, ఈ సిరీస్ పుస్తకాలన్నింటిలో నాకు అత్యంత ఇష్టమైన సంభాషణల్లో అదొకటి. చేతకానివాడనుకున్న తండ్రి ఏళ్ల తరబడి మౌనంగా పగ నూరుతున్నాడని అప్పుడు తెలుస్తుంది.

ఇదంతా తీసేసి, ఐదో సీజన్‌లో జైమీనీ కిరాయి యోధుడు బ్రాన్‌నీ (Bronn) అక్కడికి పంపారు. డోరన్ తమ్ముడు ఓబెరిన్ కూతుళ్లు ఎనిమిది మందికి ముగ్గురే మిగిలారు. అన్నిటికంటే ఘోరం ఓబెరిన్ ప్రియురాలు ఎలారియా. పుస్తకంలో "ఈ పగకి అంతెక్కడ, నా బిడ్డలూ చావాలా?" అన్న బాధతో ఆపమని వేడుకునేది ఆమె. సిరీస్‌లో మిర్సెల్లాకి విషం పెట్టింది, డోరన్‌ని చంపింది ఆమె. ఏరియాన్ లేకపోవడం వల్ల ఖాళీ అయిన చోట ఎవరో ఒకరు నిలబడాలి కాబట్టి ఎలారియాని తెచ్చి నిలబెట్టారు. పుస్తకంలోని ఎలారియాకి పూర్తిగా ఎదురు మనిషిని చేసి మరీ.

అల_వెన్నెల
ఎలారియా మార్పు నేను పుస్తకం చదివేదాకా తెలుసుకోలేదు. అధ్యాయం పూర్తయ్యాక వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను, పేరు సరిగ్గానే చూశానా అని.

ఉత్తరదిక్కు
ఏరియాన్ పోయింది, బాధే. క్వెంటిన్ పోయినందుకు మాత్రం ఎవరూ ఏడవకండి. నడుస్తాడు, నడుస్తాడు, నడుస్తాడు, డ్రాగన్ కాలుస్తుంది. నాలుగు అధ్యాయాలు దండగ.

నిప్పురవ్వ
దండగ కాదండీ! క్వెంటిన్ కథ అంటే నాకు ప్రాణం. అతను చిన్నప్పుడు విన్న కథల్లో హీరోలాగా బయల్దేరతాడు. దూర ప్రయాణం, తోడు స్నేహితులు, చివర్లో రాకుమారి. దారిలోనే స్నేహితులు చచ్చిపోతారు. చేరేసరికి డెనేరిస్ వేరేవాడిని పెళ్లాడబోతోంది. ఆమె దయగానే మాట్లాడుతుంది, కానీ ఆ కుర్రాడు ఆమె కళ్లకి ఆనడు. సిగ్గుతో ఇంటికి వెళ్లలేక డ్రాగన్‌ని మచ్చిక చేసుకోబోయి కాలిపోతాడు. వెంటనే పోడు కూడా, మూడు రోజులు నరకం చూసి పోతాడు.

ధైర్యం ఉంటే చాలు, మంచివాడైతే చాలు అనే కథలన్నింటికీ మార్టిన్ ఇచ్చిన జవాబు అది. పైగా ఆ చావు వార్త డోర్న్ చేరితే ఏమవుతుంది? డెనేరిస్‌కి మిత్రుడు కావాల్సిన డోరన్ ఆమె డ్రాగన్ వల్లే కొడుకుని పోగొట్టుకున్నాడు. సిరీస్‌లో డోర్న్ ఊరికే ఆమె పక్షం చేరిపోయింది.

ఉత్తరదిక్కు
@నిప్పురవ్వ మీరు చెప్పినంత బాగా మార్టిన్ రాసి ఉంటే నేనూ ఏడ్చేవాణ్ణి. చదవడానికి మాత్రం నీరసంగానే ఉంది.

నిప్పురవ్వ
మళ్లీ చదవండి, నా మాట వినండి. మొదటిసారి నాకూ ఓపిక లేదు, డెనేరిస్ ఎప్పుడొస్తుందా అని పేజీలు తిప్పేశాను. నెమ్మదిగా చదివితే అతని పిరికితనం, మర్యాద, స్నేహితుల మీద అపరాధభావం అన్నీ కనిపిస్తాయి.

చదరంగం_రాణి
యంగ్ గ్రిఫ్! డెనేరిస్ అన్న రేగర్ కొడుకు ఏగాన్‌ని నేనే అని చెప్పుకునే కుర్రాడు. నిజమో అబద్ధమో మనకి తెలియదు. జాన్ కానింగ్టన్ అతన్ని పెంచుతాడు, గోల్డెన్ కంపెనీ అనే కిరాయి సైన్యాన్ని వెంటబెట్టుకుని ఐదో పుస్తకంలో వెస్టెరోస్‌లో దిగేస్తారు. ఆ పుస్తకం ఎపిలోగ్‌లో గూఢచారుల పెద్ద వేరిస్ వచ్చి కెవాన్ లానిస్టర్‌ని ఎందుకు చంపుతాడు? రాజ్యాన్ని బాగు చేస్తున్నాడు కాబట్టి. తను తెస్తున్న ఏగాన్‌కి చెడిపోయిన రాజ్యమే కావాలి కాబట్టి. వేరిస్ మొదటి పుస్తకం నుంచీ చేస్తున్నదంతా అక్కడ ఒక్కసారిగా అర్థమవుతుంది.

ఏగాన్ లేని సిరీస్‌లో వేరిస్ దేనికోసం అంత తిరిగాడు? ఆఖరికి డెనేరిస్ దగ్గర సలహాదారుడై, చివరి సీజన్‌లో ఉత్తరాలు రాసి దొరికిపోయాడు. అంత తెలివైనవాడికి అదా చావు!

కోటబురుజు
@చదరంగం_రాణి ఇక్కడ మాత్రం టీవీ వాళ్ల ఇబ్బంది ఆలోచించండి. 'ఎ డాన్స్ విత్ డ్రాగన్స్' వచ్చింది 2011 జులైలో. అప్పటికి మొదటి సీజన్ ప్రసారం అయిపోయింది. ఐదో పుస్తకంలో కొత్త రాజకుమారుడు దిగాడు. అతని కథ ఎటు పోతుందో ఆరో పుస్తకం వస్తే గాని తెలియదు, అది రానేలేదు. అంత పెద్ద తలుపు తెరిస్తే మూసేది ఎవరు?

చదరంగం_రాణి
అర్థమైంది. కానీ అతన్ని తీసేసి అతని సామానంతా పంచుకున్నారుగా. కానింగ్టన్‌కి వచ్చిన గ్రేస్కేల్ (చర్మం రాయిలా మారిపోయే జబ్బు) జోరాకి అంటించారు. గోల్డెన్ కంపెనీని సెర్సీకి ఇచ్చారు. ఆఖరికి పేరు కూడా వదల్లేదు, జాన్ స్నో అసలు పేరు ఏగాన్ అన్నారు! కానింగ్టన్ తన జబ్బు దాచుకుని, వేళ్లు ఒక్కొక్కటే మొద్దుబారుతుంటే, ఆ కుర్రాణ్ణి సింహాసనం ఎక్కించేదాకా బతికుంటే చాలనుకుంటాడు. సమయం అయిపోతోందన్న ఆ భయం ఉంటేనే ఆ జబ్బుకి కథలో పని. జోరాకి ఏడో సీజన్‌లో సామ్ చర్మం ఒలిచి నయం చేసేశాడు.

పేజీ_తిప్పు
గోల్డెన్ కంపెనీ ఏనుగులు కూడా రాలేదు. సెర్సీ బాధే నా బాధ.

వానకోయిల
😂😂

తెల్లకాగితం
నాది కొంచెం వేరే రకం. టిరియన్ మొదటి భార్య టైషా. పూర్తిగా తీసేయలేదు, మొదటి సీజన్‌లో టిరియన్ ఆమె కథ చెప్తాడు. తీసేసింది ఆ కథ ముగింపుని. పుస్తకంలో టిరియన్‌ని చెరసాల నుంచి తప్పిస్తూ జైమీ నిజం చెప్తాడు: ఆ అమ్మాయి డబ్బుకి వచ్చింది కాదు, నిజంగానే నిన్ను ప్రేమించింది, నాన్న చెప్పమన్నట్టు నీకు అబద్ధం చెప్పాను అని. టిరియన్‌కి లోపల ఏదో విరిగిపోతుంది. అన్నని నోటికొచ్చినట్టు అని, జాఫ్రీని చంపింది నేనే అని అబద్ధమాడి, తండ్రి గదికి వెళ్తాడు. అక్కడ అడిగేది కూడా టైషా ఎక్కడ అనే.

సిరీస్‌లో అన్నదమ్ములు కౌగిలించుకుని విడిపోయారు. చూడటానికి బాగుంది. కానీ తప్పించుకునే దారి ఉన్నవాడు మెట్లెక్కి తండ్రి గదికి ఎందుకు వెళ్లాడు? జవాబు బలహీనమైపోయింది. ఐదో సీజన్ నుంచి టిరియన్ చాలామందికి చప్పగా అనిపించింది అంటారు, నా లెక్కలో మూలం ఇక్కడే. పుస్తకంలో ఐదో భాగం అంతా అతను చేదుగా, క్రూరంగా, కొన్నిసార్లు అసహ్యం పుట్టేలా ఉంటాడు. అందరికీ నచ్చే టిరియన్‌ని కాపాడుకోవడానికే టైషాని వదిలారని నా నమ్మకం.

మంచుగోడ_కాపలా
@తెల్లకాగితం ఇది చదివాక నా ఓటు మార్చుకోవాలా అని ఆలోచిస్తున్నాను.

ఉత్తరదిక్కు
ఈ ఒక్కదానికి నేనూ చేతులెత్తి ఒప్పుకుంటున్నాను. టైషాకి బడ్జెట్ సాకు కూడా లేదు. కొత్త నటి అక్కర్లేదు, కొత్త సెట్ అక్కర్లేదు. జైమీ నోట నాలుగు మాటలు చాలు.

గుర్రపుడెక్క
డెనేరిస్ కాపలాదారు స్ట్రాంగ్ బెల్వాస్‌ని ఎవరైనా తలుచుకోండి బాబూ. ప్రతి ప్రత్యర్థికీ ఒక్క గాటు పెట్టే అవకాశం ఇచ్చి తర్వాత చంపే మనిషి. మీరీన్ వీరుణ్ణి చంపేది అతనే, సిరీస్‌లో ఆ పని డారియోకి ఇచ్చేశారు. డెనేరిస్ కోసం పెట్టిన విషపు మిడతలన్నీ తనే తినేసి కూడా బతికాడు!

పేజీ_తిప్పు
అతని ఆకలికే సీజన్ బడ్జెట్ అయిపోయేదేమో.

కోటబురుజు
బెల్వాస్‌తో పాటు పోయింది ఇంకోటి: పాత రాజరక్షకుడు బారిస్టన్ మారువేషం. పుస్తకంలో బెల్వాస్ పక్కన తెల్లగడ్డం ముసలాయనగా వస్తాడు, ఎవరో మనకి చాలాకాలం తెలియదు. తెర మీద అది కుదిరే పనే కాదు. మొదటి సీజన్‌లో చూసిన నటుణ్ణి గడ్డం పెంచితే గుర్తుపట్టరా? అందుకే మూడో సీజన్ మొదటి ఎపిసోడ్‌లోనే ఎవరో చెప్పేశారు. మొహం కనపడకపోవడం వల్ల నడిచే రహస్యాలు పుస్తకానికే చెల్లు.

వానకోయిల
టైరెల్ అన్నదమ్ములు విల్లస్, గార్లన్ కూడా ఉన్నారు. సిరీస్‌లో లోరస్ ఒక్కడే కొడుకు, ఒక్కడే వారసుడు. అందుకే బేలర్ సెప్ట్ అనే గుడి పేలుడుతో వాళ్ల వంశం తుడిచిపెట్టుకుపోయింది. పుస్తకంలో అంత తేలికగా పోదు. విల్లస్‌ని పోటీలో కుంటివాణ్ణి చేసింది ఓబెరిన్, అయినా ఇద్దరూ స్నేహంగా ఉత్తరాలు రాసుకుంటారు. ఇలాంటి చిన్న విషయాలే ఆ లోకాన్ని నిజం చేస్తాయి.

సాయంత్రం_చదువు
గార్లన్ పేరెత్తారు, సంతోషం. సాన్సాకి టిరియన్‌తో పెళ్లైన రోజు అందరూ నవ్వుతుంటే, ఆమెతో డాన్స్ చేసి, టిరియన్ గురించి కూడా మర్యాదగా మాట్లాడేది గార్లన్. రెండు మూడు పేజీల పాత్ర. భారతంలో వికర్ణుణ్ణి తీసేశామనుకోండి. కథ ఆగదు, జూదం జరుగుతుంది, యుద్ధం జరుగుతుంది. కానీ దుర్యోధనుడి తమ్ముడై ఉండి నిండు సభలో ద్రౌపది తరఫున లేచినవాడు లేకపోతే ఆ సభ మన మనసులో వేరేగా ఉంటుంది. గార్లన్ లేని టైరెల్ ఇల్లు కూడా అంతే, తెలివైన కుట్రదారుల ఇల్లుగా మాత్రమే మిగిలింది.

దక్షిణగాలి
👏 ఎంత బాగా చెప్పారండీ.

కోటబురుజు
@సాయంత్రం_చదువు మనసుకి తగిలింది. కానీ స్క్రిప్టులో మొదట కొట్టేసేది ఇలాంటివాళ్లనే. "తీసేస్తే కథ నడుస్తుందా?" అన్న ప్రశ్నకి అవును అని జవాబు వస్తే ఆ పాత్ర పోయినట్టే. నేనూ అలాగే కొట్టేస్తాను, ప్రతిసారీ బాధపడతాను.

తెల్లకాగితం
జేన్ వెస్టర్లింగ్ సంగతేంటి? రాబ్ భార్య. తమ్ముళ్లు చనిపోయారన్న వార్త విని, గాయంతో ఉన్న రాత్రి ఆమెకి దగ్గరవుతాడు. ఆమె పరువు పోకూడదని పెళ్లాడతాడు. అంటే నెడ్ కొడుకు నెడ్‌లాగే గౌరవం కోసం చెడిపోయాడు. సిరీస్ ఆమె బదులు టలీసాని తెచ్చి ప్రేమ పెళ్లి చేసింది. మాటిచ్చి ప్రేమ కోసం తప్పినవాడయ్యాడు రాబ్. అతని మీద జాలి తగ్గింది నాకు.

అల_వెన్నెల
నాకు పెరిగింది. టలీసా రెడ్ వెడ్డింగ్‌లో ఉండటం వల్లే ఆ సీన్ అంత కోత కోసింది. పుస్తకంలో జేన్ అక్కడికి రాదు కూడా.

తెల్లకాగితం
ఆ సీన్ బలం గురించి కాదు నేనన్నది, రాబ్ ఎలాంటి మనిషి అన్నది. సరే, దీనిమీద మనం కలవం.

రెక్కల_నీడ
గేమ్ ఆఫ్ థ్రోన్స్‌కి ముందు కాలం కథతో వచ్చిన హౌస్ ఆఫ్ ది డ్రాగన్ సిరీస్ వాళ్లు కూడా ఇదే దారి పట్టారు. మేలార్ సంగతి తెలుసుగా? దానికి మూలమైన మార్టిన్ పుస్తకం 'ఫైర్ అండ్ బ్లడ్'లో రాణి హెలెనాకి ముగ్గురు పిల్లలు. హంతకులు వచ్చి ఇద్దరు కొడుకుల్లో ఎవరిని చంపాలో నువ్వే చెప్పమంటారు. తనని చంపమని బతిమాలుతుంది, వినరు. చిన్నవాడు మేలార్ పేరు చెప్తుంది. వాళ్లు పెద్దవాడు జెహేరిస్‌ని చంపి, మీ అమ్మ నిన్ను చావమంది అని చిన్నవాడికి చెప్పి పోతారు. ఇక ఆ తల్లి ఆ పిల్లాడి మొహం చూడగలదా?

రెండో సీజన్‌లో ఉన్నది కవలలిద్దరే. ఇద్దరిలో మగపిల్లాడు ఎవరని అడుగుతారు, చూపిస్తుంది. ఎంపిక లేదు. మార్టిన్ 2024 సెప్టెంబర్‌లో తన బ్లాగులో దీని గురించే రాశాడు, తర్వాత ఆ పోస్టు తీసేశారు. రెండేళ్ల పిల్లాడితో షూటింగ్ కష్టం, ఖర్చు అని తనకి కారణం చెప్పారని అందులో ఉంది. అతని బాధ ఆ ఒక్క సీన్ గురించి కాదు. మేలార్ తర్వాత బిట్టర్‌బ్రిడ్జ్‌లో జనం చేతిలో చస్తాడు, దాని నీడ హెలెనా మీద, ఆమె చావు నీడ నగరంలో అల్లర్ల మీద పడుతుంది. మొదట్లో చిన్నపిల్లాణ్ణి తీసేస్తే ముందు ముందు ఎన్ని కారణాలు ఊడిపోతాయో చూడండి.

నిప్పురవ్వ
నెటిల్స్‌ని కూడా రెండో సీజన్ దాకా తేలేదు. డ్రాగన్లనెక్కే టార్గేరియన్ రాజవంశం పోలికలు ఏమీ లేని అమ్మాయి, రోజూ గొర్రెను తెచ్చిపెట్టి షీప్‌స్టీలర్ అనే అడవి డ్రాగన్‌ని మచ్చిక చేసుకుంటుంది. డ్రాగన్‌కి కావాల్సింది రక్తమా, ఓపికా అన్న ప్రశ్న ఆమె ఒక్కతే లేపుతుంది. సిరీస్‌లో అడవి డ్రాగన్ వెనక పరిగెత్తింది రేనా. ఆమె డీమన్ కూతురు. ప్రశ్నే లేకుండా పోయింది.

కోటబురుజు
రేనాకి పుస్తకంలో చాలాకాలం పెద్దగా పని లేదు. అప్పటికే ఉన్న నటికి పని ఇవ్వడం... మొదట జెండ్రీ విషయంలో మెచ్చుకున్నదే ఇదీ.

నిప్పురవ్వ
జెండ్రీకి ఇచ్చినప్పుడు కథలో అర్థం మారలేదు. అతనూ రాబర్ట్ కొడుకే, రక్తం అదే. రేనాకి ఇస్తే అర్థమే మారింది. ఆ తేడా చూడాలి.

కోటబురుజు
ఇది న్యాయమైన మాట. ఎవరి పనిని ఎవరికిచ్చారు అనేదానికంటే ఇచ్చాక ఆ పనికి అర్థం నిలిచిందా అన్నది చూడాలి. నేను రాసేటప్పుడు గుర్తుపెట్టుకుంటాను.

కొత్తపాఠకుడు
మధ్యలో వస్తున్నాను. టోల్కీన్ రాసిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌లోని టామ్ బాంబడిల్‌ని కూడా పీటర్ జాక్సన్ సినిమాల్లో తీసేశారుగా, ఎవరికీ ఏ నష్టమూ అనిపించలేదే?

రెక్కల_నీడ
అనిపించింది, నెమ్మదిగా. పుస్తకంలో బాంబడిల్ మెర్రీ వాళ్లని సమాధి దిబ్బల్లోంచి కాపాడి పాత కత్తులిస్తాడు. ఆంగ్మార్ మీద యుద్ధం కోసమే చేసిన కత్తి అది, అందుకే చివర్లో మెర్రీ పోటు ఆంగ్మార్ మంత్రగాడి రాజుకి తగులుతుంది. సినిమాలో కత్తులు ఆరగోర్న్ ఇస్తాడు, ఆ కారణం పోయింది. 2024లో రింగ్స్ ఆఫ్ పవర్ రెండో సీజన్‌కి బాంబడిల్‌ని తెచ్చారు, కానీ వేరే కాలంలో, వేరే చోట.

నిర్వాహకుడు
టోల్కీన్ మీద వేరే చర్చ నడుస్తోంది, పొడిగించాలంటే అక్కడికి రండి. ఇక్కడ వెస్టెరోస్ చాలు.

విశాఖ_నక్షత్రం
నేను సిరీస్ పూర్తిగా చూశాక పుస్తకాలు పట్టుకున్నాను. అందరూ లోటు అంటున్నారు గాని నాకు దక్కింది వేరు. మూడో పుస్తకం ఎపిలోగ్‌కి వచ్చినప్పుడు స్టోన్‌హార్ట్ అనే మాటే నేను ఎక్కడా వినలేదు. రెడ్ వెడ్డింగ్ తెలుసు, జాఫ్రీ చచ్చే పర్పుల్ వెడ్డింగ్ తెలుసు, టైవిన్ చావు తెలుసు. ఇంక నన్ను ఏదీ కుదపదు అనుకున్నాను. ఆ ముసుగు తీసిన క్షణం పుస్తకం మూసేసి లేచి గదిలో తిరిగాను. సిరీస్ ఆమెను చూపించి ఉంటే ఆ దెబ్బ నాకు దొరికేది కాదు. వైమన్ మాండర్లీ కూడా అంతే. సిరీస్‌లో ఆరో సీజన్ చివర్లో ఒక్క సీన్ మనిషి. పుస్తకంలో డావోస్‌ని చంపినట్టు నాటకమాడి, ఫ్రేల ముందు నవ్వుతూ తల ఊపి, లోపల కొడుకు చావుని మోస్తున్న మనిషి.

వానకోయిల
మాండర్లీ!! రామ్సీ పెళ్లి విందులో ఆ పెద్ద పెద్ద మాంసం పైలు (pie), కనిపించకుండా పోయిన ముగ్గురు ఫ్రేలు. మార్టిన్ ఎక్కడా విడమరిచి చెప్పడు, మనమే కలుపుకోవాలి. సిరీస్‌లో ఆ పై కూడా ఆర్యాకే ఇచ్చేశారు.

మంచుగోడ_కాపలా
@విశాఖ_నక్షత్రం ఈ కోణం నాకు తట్టనే లేదు. మీరు ఆ ఎపిలోగ్ ఏమీ తెలియకుండా చదివారంటే అసూయగా ఉంది.

కొత్తపాఠకుడు
ఇంత చదివాక పుస్తకాలు మొదలుపెట్టాలనిపిస్తోంది. సిరీస్ మొత్తం చూశాను కాబట్టి నేరుగా నాలుగో పుస్తకం నుంచి పట్టుకోవచ్చా? ఏరియాన్, యంగ్ గ్రిఫ్ అక్కడినుంచేగా?

దక్షిణగాలి
వద్దు. ఏరియాన్ నాలుగులోనే వస్తుంది నిజమే, కానీ జేన్ వెస్టర్లింగ్, గార్లన్, టైషా నిజం అన్నీ మూడులోనే ఉన్నాయి. బెల్వాస్ రెండు చివర్లో వస్తాడు. మొదటి పుస్తకం సిరీస్‌కి చాలా దగ్గరగా ఉంటుంది, త్వరగా అయిపోతుంది. కాబట్టి మొదటినుంచీ చదవండి.

తెల్లకాగితం
ఇంకోటి. నాలుగు, ఐదు పుస్తకాల కథ చాలావరకు ఒకే కాలంలో నడుస్తుంది, పాత్రల్ని చెరో పుస్తకానికి పంచాడు. నాలుగులో టిరియన్, డెనేరిస్, జాన్ అధ్యాయాలు లేవని కంగారుపడి ఆపేయకండి. వాళ్లు ఐదులో ఉంటారు.

ఉత్తరదిక్కు
క్వెంటిన్ అధ్యాయాలు వచ్చాక ఇక్కడికొచ్చి చెప్పండి. నేనూ ఈసారి @నిప్పురవ్వ అన్నట్టు నెమ్మదిగా చదువుతాను. ఇద్దరం కలిపి చూసుకుందాం.